‘బాగున్న పిల్ల’ బొమ్మ గీయమంటే: పిల్లల బాగోగులను పిల్లల్నే అడిగిన ఒక కేస్ స్టడీ

పిల్లల బాగోగుల మీద మన దగ్గర లెక్కలకు కొదవ లేదు. ఎత్తు, బరువు, హిమోగ్లోబిన్, బడి హాజరు, మార్కులు, ఇంట్లో మరుగుదొడ్డి ఉందా లేదా. ఇవన్నీ పెద్దలు ఎంచుకున్న కొలతలు. పిల్లలు తమ బతుకును దేనితో కొలుచుకుంటున్నారో తెలియాలంటే వేరే పద్ధతి కావాలి. అలాంటి పద్ధతిని తెలుగు ఊళ్లలోనే పెద్ద ఎత్తున వాడి చూసిన సందర్భం ఒకటుంది. ఇక్కడ కేసుగా తీసుకున్నది దాన్నే. పిల్లలతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, టీచర్లు, సోషల్ వర్క్ విద్యార్థులు తమ ఊళ్లో ఈ పని చేయాలనుకుంటే ఎలా చేయాలో, ఎక్కడ చెడుతుందో కూడా దానితో పాటే రాస్తున్నాం.

కేసు నేపథ్యం

యంగ్ లైవ్స్ అనే దీర్ఘకాల అధ్యయనం 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాం, భారతదేశాల్లో మొదలైంది. సమన్వయం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానిది. మన దేశంలో దానికి ఎంచుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. హైదరాబాద్ నగరంతో పాటు శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి 20 ప్రాంతాల నుంచి పిల్లల్ని తీసుకున్నారు. 2001-02లో పుట్టినవాళ్లు దాదాపు 2,000 మంది, 1994-95లో పుట్టినవాళ్లు దాదాపు 1,000 మంది. కొన్నేళ్లకోసారి అదే పిల్లల దగ్గరికి వెళ్లి అడుగుతూ వచ్చారు.

సర్వేతో అన్నీ తెలియవు కాబట్టి 2007 నుంచి ప్రతి దేశంలోనూ 50 మంది దాకా పిల్లలతో లోతైన సంభాషణలు మొదలుపెట్టారు. మన దగ్గర ఆ పనిని తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య ఉమా వెన్నం ఆధ్వర్యంలోని బృందం చేసింది. అప్పటికి పెద్ద పిల్లలకు 12, 13 ఏళ్లు. వాడిన పనిముట్లలో ముఖ్యమైనవి మూడు: పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా బతుకులో జరిగినవాటిని గీత మీద గుర్తించే జీవనరేఖ, శరీరం బొమ్మ గీసి ఎక్కడ ఏమనిపిస్తుందో చెప్పించే పటం, బాగున్న పిల్ల, బాగాలేని పిల్ల బొమ్మలు గీయించి దాని మీద మాట్లాడించే సామూహిక అభ్యాసం. మూడోదే ఈ రాతకు కేంద్రం. మన ఊళ్లకు బాగా అతికేది అదేనన్నది మా అభిప్రాయం. శరీరం బొమ్మ ముందు పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలు ముడుచుకుపోతారు. జీవనరేఖలో తండ్రి చావో, తల్లి ఇల్లు విడిచి వెళ్లడమో వస్తే గుంపులో దాన్ని పట్టుకుని నిలబడటం కష్టం. ఆ పని ఒంటరిగా కూర్చుని చేయాలి.

పత్తి చేను సంగతి

ఆ ఊళ్లలో ఒకటి మహబూబ్‌నగర్ జిల్లాలో, హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే ప్రాంతంలో ఉంది. పిల్లల గోప్యత కోసం నివేదికల్లో ఊళ్లకు మారుపేర్లే పెట్టారు. ఈ పంట ఎలా పండుతుందో తెలియకపోతే అక్కడి పిల్లల మాటలు అర్థం కావు. విత్తన పత్తిలో ప్రతి పువ్వునూ చేత్తో సంకరం చేయాలి. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు సాయంత్రమే ఒలిచి, రేకులూ పుప్పొడి తిత్తులూ తీసేస్తారు. తెల్లారాక మగ వరస నుంచి పువ్వు తెచ్చి దాని పుప్పొడిని ఆ మొగ్గకు రాస్తారు. ఊళ్లో దీన్ని క్రాసింగ్ అంటారు. ఒక్క పొద్దు తప్పితే ఆ పూలు పోయినట్టే. అందుకని పూత ఉన్నన్ని వారాలూ రోజూ మనుషులు కావాలి. మొక్క పిల్లల ఎత్తుకు సరిపోతుందనీ, వేళ్లు చురుకనీ, కూలి తక్కువనీ పిల్లల్ని పెట్టుకోవడం అలవాటైంది. ఆ రోజుల్లో బడి మానేయడం కూడా.

ఆ పిల్లలు పని గురించి చెప్పినప్పుడు రెండు వైపులా చెప్పారు. ఎండ, తలనొప్పి, జ్వరం, పురుగుమందుల బెడద, తప్పిపోయిన పాఠాలు ఒకవైపు. తెచ్చిన డబ్బు ఇంటికి అక్కరకొచ్చింది, తమ బట్టలకూ పుస్తకాలకూ పనికొచ్చింది అన్నది రెండోవైపు. బాలకార్మిక వ్యవస్థ మీద రాసేవాళ్లు మొదటి సగాన్ని తీసుకుంటారు. పిల్లల్ని పనిలో పెట్టుకునేవాళ్లు రెండో సగాన్ని చూపిస్తారు. పిల్లల మనసులో మాత్రం రెండూ ఒకే చోట ఉన్నాయి. ఇంట్లో కష్టం తెలిసిన పన్నెండేళ్ల పిల్లకు తాను పనికొస్తున్నానన్న భావం తన బాగులో భాగమే. అలాగని ఆ పని ఆమెకు మేలు చేస్తోందని కాదు. ఈ రెండింటినీ కలిపి రాసుకోగలగడమే ఈ రంగంలో అసలైన నేర్పు.

ఇది పేద దేశాల పిల్లలకే పరిమితమైన ఆలోచనా అంటే, కాదు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ బాలల కమిషన్ 8 నుంచి 15 ఏళ్ల పిల్లలు 126 మందితో మాట్లాడించింది. తమ రోజు మీద తమకు కొంత పట్టు ఉండటం, భద్రత, తాను మంచి మనిషినన్న నమ్మకం వాళ్ల మాటల్లో పైకి తేలాయి. ఎదుటివాళ్ల పట్ల సరిగా నడుచుకోవడాన్ని కూడా ఆ పిల్లలు తమ బాగులో కలుపుకున్నారు. ఇథియోపియాలో 11 నుంచి 13 ఏళ్ల పిల్లలు బాగా బతకడమంటే డబ్బుండటం కాదని తేల్చి చెప్పారు. 2011లో యూనిసెఫ్ బ్రిటన్, స్పెయిన్, స్వీడన్ పిల్లల్ని అడిగించినప్పుడు తల్లిదండ్రులతో గడిపే సమయం, స్నేహితులు, బయట ఆడుకునే వీలు వస్తువుల కంటే ముందు వచ్చాయి. బట్టలూ చెప్పులూ అక్కర్లేదని దీనర్థం కాదు. వస్తువు విలువ దాన్ని పదిమందిలో వేసుకుని వెళ్లినప్పుడు తెలుస్తుందని పిల్లల మాటలు చెబుతాయి. చిరిగిన యూనిఫాం చలికి సరిపోతుందా అన్నది పెద్దల ప్రశ్న. దాన్ని చూసి ఎవరు నవ్వారన్నది పిల్లల సమాచారం.

అభ్యాసం ఎలా నడపాలి

గుంపులో ఐదుగురి నుంచి ఏడుగురు. నలుగురైతే మాట ఆగిపోతుంది, ఎనిమిది దాటితే ఇద్దరు పూర్తిగా మూగబోతారు. వయసుల మధ్య తేడా రెండేళ్లు మించకూడదు. తొమ్మిదేళ్ల లోపు ఆడా మగా కలిసి కూర్చోవచ్చు. పదకొండు దాటాక విడివిడిగా పెట్టాలి, లేదంటే ఆడపిల్లల నోట ఇంటి పని మాట కూడా రాదు. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను ఒకే గుంపులో వేయకూడదు. పెద్దది చెప్పిందే చిన్నది చెబుతుంది. ఇంట్లో గొడవ గురించి ఇద్దరూ దాస్తారు.

చోటు ఎంచుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఫలితాన్ని మార్చేస్తుంది. బడిలో పెడితే బడి జవాబులు వస్తాయి. గుడి అరుగు మీద పెడితే ఎస్సీ కాలనీ పిల్లలు రారు, వచ్చినా అంచున కూర్చుంటారు. సర్పంచ్ ఇంటి ముందు పెడితే పాలేరు కొడుకు నోరు విప్పడు. అన్ని వాడల పిల్లలూ మామూలుగా వచ్చిపోయే చోటేదో ముందురోజు పిల్లల్నే అడగాలి. అంగన్‌వాడీ మూసేశాక దాని వరండా చాలా ఊళ్లలో సరిపోతుంది. కుర్చీలు వద్దు, చాపలు చాలు. నడిపేవాళ్లు కూడా చాప మీదే కూర్చోవాలి. ‘సార్’, ‘మేడమ్’ అని పిలిపించుకుంటే సగం పని అక్కడే చెడుతుంది. ‘అన్న’, ‘అక్క’ అంటే మాట తేలికవుతుంది.

కావలసినవి: మనిషికి రెండు ఎ4 తెల్ల కాగితాలు, పైన అరడజను అదనంగా. ఇద్దరికొక క్రేయాన్ పెట్టె. పెన్సిళ్లు. చార్టు కాగితాలు రెండు. పోస్టుకార్డు సైజులో కత్తిరించిన గట్టి కాగితం ముక్కలు యాభై. మనిషికి పది చొప్పున చింతగింజలు. రబ్బరు ఇవ్వకండి. ఇస్తే పిల్లలు బొమ్మ అందంగా రావాలని చెరిపి గీస్తూ కూర్చుంటారు, మాట్లాడే సమయం కరిగిపోతుంది. బొమ్మ కన్నా దాని గురించి చెప్పే మాటే మనకు ముఖ్యమని మొదట్లోనే చెప్పాలి. ఇద్దరు మనుషులు తప్పనిసరి: ఒకరు నడపడానికి, ఒకరు పిల్లల మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయడానికి. మొత్తం గంటన్నర, మధ్యలో పది నిమిషాల విరామం, తినడానికి ఏదో ఒకటి. విరామం మానేస్తే గంట దాటాక చివరి ప్రశ్నకు ‘ఏమో’ తప్ప జవాబుండదు.

మొదటి పది నిమిషాలు ఆట. ఆ తర్వాత ఒప్పుకోలు. తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకుని ఉంటారు, అది సరిపోదు. పిల్ల కూడా ఒప్పుకోవాలి. ‘ఇష్టం లేకపోతే చెప్పకు’ అని ఊరికే అంటే పిల్లలు దాన్ని నమ్మరు. పెద్దవాళ్లకు ‘చెప్పను’ అని చెప్పడం వాళ్లకు అలవాటు లేదు. అందుకని దాన్ని ఆటగా చేయించాలి: ‘నిన్న రాత్రి కూర ఏంటి?’ అని అడిగితే ఒక్కొక్కరూ ‘నేను చెప్పను’ అని గట్టిగా అనాలి. మూడు నాలుగు సార్లు నవ్వుకుంటూ అన్నాక, అసలు ప్రశ్న దగ్గర కూడా ఆ మాట వాడుకోగలుగుతారు.

ఆ తర్వాత మొదటి బొమ్మ, ఇరవై నిమిషాలు. ప్రశ్న ఇలా ఉండాలి: ‘మీ ఊళ్లో మీ వయసు పిల్ల ఒకతి ఉంది. ఆమె బతుకు బాగుంది. ఆమె ఎలా ఉంటుంది, ఎవరితో ఉంటుంది, పొద్దున లేచి ఏం చేస్తుంది? గీయండి.’ మహబూబ్‌నగర్ వైపు ‘మంచిగున్న పిల్ల’ అంటారు. అక్కడ జాగ్రత్త అవసరం. నోరు జారి ‘మంచి పిల్ల’ అన్నారంటే పెద్దల మాట వినే, రోజూ స్నానం చేసే పిల్ల బొమ్మలు వరసగా వచ్చేస్తాయి. ‘నీ గురించి గీయి’ అనకూడదు. తన గురించైతే పిల్ల దాచుకుంటుంది. ‘ఊళ్లో ఒక పిల్ల’ అంటే తన సంగతులు కూడా నిర్భయంగా అందులో పెట్టేస్తుంది.

గీయడం అయ్యాక ఒక్కొక్కరూ తమ బొమ్మ చూపించి చెప్పాలి. ‘ఇది ఏంటి’ అని అడగొద్దు, ‘దీని గురించి చెప్పు’ అనాలి. రాసే మనిషి ఒక్కో మాటను ఒక్కో కార్డు మీద, పిల్ల అన్న యాసలోనే రాయాలి. ఆ తర్వాత రెండో బొమ్మ: బతుకు బాగాలేని పిల్ల. మళ్లీ అదే వరస. వెనకాముందు మార్చకండి. కష్టం బొమ్మతో మొదలుపెడితే గుంపంతా ముడుచుకుంటుంది.

రెండు బొమ్మల కార్డులూ చాప మీద పరిచాక పిల్లలే వాటిని గుట్టలుగా పెడతారు. ఏ గుట్టకు ఏ పేరో కూడా వాళ్లే చెబుతారు. అప్పుడు చింతగింజలు. ఏది ముఖ్యమనిపిస్తే దాని మీద ఎన్ని కావాలంటే అన్ని పెట్టొచ్చు. అందరూ ఒకేసారి పెడితే మొదట పెట్టిన ధైర్యవంతుడి వెంట మిగతా గింజలు పడతాయి. ఒక్కొక్కరే వెళ్లి పెట్టాలి, మిగతావాళ్లు అటు తిరిగి కూర్చోవాలి. లెక్క రాసుకున్నాక ఆఖరి ప్రశ్న: ‘ఈ రెండో పిల్ల బతుకు బాగుపడాలంటే ఎవరు ఏం చేయాలి?’ ఈ ప్రశ్నకు కనీసం పదిహేను నిమిషాలు మిగలాలి. సమస్యలను పెద్దలు కూడా చెప్పగలరు. ఎవరి చేతిలో ఏముందని పిల్లలు అనుకుంటున్నారో ఇక్కడే తెలుస్తుంది.

ఆరేడేళ్ల పిల్లలకు ఇదంతా పెద్ద బరువు. వాళ్లకు ఒక్క బొమ్మ చాలు, ‘నీకు నవ్వొచ్చేవి, ఏడుపొచ్చేవి’ అని అడిగితే సరిపోతుంది. పక్కన కూర్చుని వాళ్లు గీస్తున్నప్పుడే మాట్లాడాలి, గీశాక మర్చిపోతారు.

చెడిపోయే చోట్లు

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ‘బాగాలేని పిల్ల’కు పేరు పెట్టడం. ఊళ్లో తల్లి లేని పిల్లో, తాగుబోతు తండ్రి ఉన్న పిల్లాడో ఎవరో ఒకరి పేరు ఎవరో ఒకరు అనేస్తారు. ఆ పిల్ల ఆ గుంపులోనే ఉండొచ్చు. ‘ఊళ్లో ఎవరి పేరూ చెప్పకూడదు, మన పిల్లకు కొత్త పేరు పెడదాం’ అని ముందే నియమం పెట్టి, ఊళ్లో ఎవరికీ లేని పేరు వెతికించాలి. ఐదు నిమిషాలు పడుతుంది, దాన్ని ఎప్పుడూ మానేయొద్దు.

పక్కవాడి బొమ్మ చూసి గీయడం రెండోది. రెండంతస్తుల ఇల్లు, పక్కన చెట్టు, పైన సూర్యుడు... డ్రాయింగ్ పీరియడ్‌లో నేర్పిన బొమ్మ ఏడు కాగితాల మీదా వచ్చేస్తుంది. వీపులు ఆనించి కూర్చోబెట్టడం కొంత పనిచేస్తుంది. ఇంకా మంచి మార్గం బొమ్మలోని మనిషిని పట్టుకోవడం: ‘ఈ ఇంట్లో రాత్రి ఎవరెవరు పడుకుంటారు?’ అని అడిగితే అచ్చులో పోసిన ఇల్లు కూడా ఆ పిల్ల ఇల్లయిపోతుంది.

పాఠ్యపుస్తకం జవాబులు మూడోది. ‘చదువుకోవాలి, శుభ్రంగా ఉండాలి’ అన్నప్పుడు వాటిని కొట్టేయకండి, అవి కూడా పిల్లలు నమ్మిన మాటలే కావచ్చు. ‘చదువుకుంటే ఏమవుతుంది?’, ‘బడికి వెళ్లని రోజు ఆ పిల్ల ఎక్కడుంటుంది?’ అని ఒక మెట్టు లోపలికి వెళ్లాలి. బడి విషయంలో ఇది మరీ ముఖ్యం. బడికి వెళ్లడం బాగుకు గుర్తని తెలుగు పిల్లలు దాదాపుగా అందరూ చెబుతారు. అదే పిల్లలకు బడిలో దెబ్బలు కష్టానికి గుర్తు. 2009లో యంగ్ లైవ్స్ అడిగినప్పుడు మన దగ్గర ఎనిమిదేళ్ల పిల్లల్లో పదికి తొమ్మిది మందికి పైగా, అంతకు ముందు వారంలో టీచరు పిల్లల్ని కొట్టడం చూశామన్నారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది, ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. నిషేధం ఉన్నా ఇప్పటికీ ఈ అభ్యాసంలో బెత్తం బొమ్మ వస్తే ఆశ్చర్యపడకండి. ‘బడి’ అని ఒకే కార్డు రాసి బాగు గుట్టలో పడేస్తే ఈ సంగతి మొత్తం మాయమవుతుంది. ‘బడికి పోవడం’, ‘బడిలో కొట్టడం’ రెండు వేర్వేరు కార్డులు.

ఏ కాలంలో వెళ్లామన్నది నాలుగోది. చాలామంది దీన్ని పట్టించుకోరు. జూన్‌లో వెళితే కొత్త నోటు పుస్తకాలు, యూనిఫాం. పండగ వారంలో కొత్త బట్టలు. పరీక్షల ముందు మార్కులు. పత్తి ఊళ్లో పూత కాలంలో సాయంత్రం నాలుగింటికి అభ్యాసం పెడితే చేలో ఉన్న పిల్లలెవరూ రారు. వచ్చినవాళ్ల మాటలు రాసుకుని ‘ఈ ఊరి పిల్లలు’ అంటే అది తప్పుడు నివేదిక. అలాంటి ఊళ్లో ఏడాదికి రెండుసార్లు చేయాలి: పూత కాలంలో ఒకసారి, పని లేని కాలంలో ఒకసారి. పూత కాలంలో పిల్లలు చేను నుంచి వచ్చి, తిని, ఆ తర్వాత కూర్చోగల వేళకే పెట్టాలి. గంటన్నర కాకుండా నలభై నిమిషాలే. అలసిన పిల్లలతో గింజల దాకా వెళ్లలేం, బొమ్మ ఒకటి చాలు.

భాష కూడా అంతే. శ్రీకాకుళం కొండల్లో సవర పిల్లలతో తెలుగులో మాట్లాడితే వాళ్లు బడి తెలుగులో చిన్న జవాబులు ఇస్తారు, ఇంటి సంగతి ఇంటి భాషలోనే ఉంటుంది. ఆ భాష వచ్చిన మనిషి రాసేవాడిగా ఉంటే చాలదు, నడిపే మనిషికే రావాలి.

తొమ్మిది మెట్ల నిచ్చెన

యంగ్ లైవ్స్ సర్వేలో వాడిన పనిముట్టు వేరు. తొమ్మిది మెట్ల నిచ్చెన చూపించి, పై మెట్టు నీకు సాధ్యమైన అతి మంచి బతుకు, కింది మెట్టు అతి చెడ్డ బతుకు అనుకుంటే ఇప్పుడు నువ్వెక్కడున్నావు అని అడుగుతారు. 1960లలో హాడ్లీ కాంట్రిల్ అనే అమెరికన్ పరిశోధకుడు వ్యాప్తిలోకి తెచ్చిన కొలత ఇది. పిల్లల చేతికి అందేలా చేయాలంటే సుద్దముక్కతో నేల మీద గీసి, ఒక చింతగింజ ఇచ్చి పెట్టమనాలి. ఇది గుంపులో చేయకూడదు, ఒక్కొక్కరితో విడిగా చేయాలి.

ఇక్కడ అంకె మోసం చేస్తుంది. మొదటిసారి కలిసిన పెద్దమనిషి ముందు కొందరు పిల్లలు మర్యాద కోసం పైమెట్టు మీద పెడతారు. కొందరు గొప్పలు చెప్పుకోకూడదని మధ్యలో పెడతారు. ఇద్దరు పిల్లలు ఐదో మెట్టు మీదే ఉండొచ్చు. ఒకరికి అది నిరుడు రెండో మెట్టు నుంచి ఎక్కినది, మరొకరికి అమ్మ జబ్బుపడ్డాక ఎనిమిది నుంచి జారినది. అందుకని గింజ పెట్టించిన ప్రతిసారీ మూడు ప్రశ్నలు అడగాలి: నిరుడు ఎక్కడున్నావు, నాలుగేళ్లకు ఎక్కడుంటావనుకుంటున్నావు, ఒక్క మెట్టు ఎక్కాలంటే ఏం మారాలి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబే ఈ పనిముట్టుకు ప్రాణం. ‘ఒక్క మెట్టు’ అనే అడగాలి. పైమెట్టు ఎక్కాలంటే అని అడిగితే కలెక్టరు, డాక్టరు అంటారు. ఒక్క మెట్టంటే సైకిల్, రాత్రి చదువుకోవడానికి లైటు, నాన్న పెందరాళే ఇంటికి రావడం లాంటివి వస్తాయి. ఏడుగురి అంకెలు కూడి సగటు తీసి నివేదికలో వేయడం మాత్రం దయచేసి చేయకండి. ఆ సగటు వేల మందిని అడిగినప్పుడు ఏదైనా చెబుతుంది. ఒక చాప మీది పిల్లల గురించి ఏమీ చెప్పదు.

కార్డులను చదవడం

ఇంటికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. ప్రతి కార్డుకూ ఒక వరస రాసుకోవాలి: పిల్ల మాట యథాతథంగా, అందులో ఉన్న మనుషులు, వస్తువులు, పిల్ల చెప్పిన కారణం, ఏ బొమ్మ నుంచి వచ్చింది. ఇద్దరు విడివిడిగా ఈ పట్టిక నింపి, తర్వాత పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా వచ్చిన కార్డులను దాచకుండా చర్చించాలి.

తొందరపడి పెద్ద శీర్షికల కింద వేయడమే ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు. ఒక కార్డు మీద ‘నాన్న తాగి రాడు’ అని ఉందనుకుందాం. దాన్ని ‘కుటుంబ సంబంధాలు’ అనే గడిలో వేసేస్తే చక్కగా సర్దినట్టే ఉంటుంది. కానీ తాగడం పోయింది, రాత్రి పోయింది, ఎదురుచూపు పోయింది. అదే కార్డు గ్రామసభలో బెల్టు షాపు గురించి మాట్లాడటానికి పనికొచ్చేది. ‘చెప్పులున్నాయి’ అన్న కార్డు ‘భౌతిక వనరులు’ కింద పడితే, కాళ్లు కాలడం గురించా, బడిలో ఎగతాళి గురించా అన్నది తెలియదు. పిల్లలు గుట్టలకు పెట్టిన పేర్లనే మొదటి వర్గీకరణగా ఉంచండి. పరిశోధకుల శీర్షికలు కావాలంటే రెండో వరసలో పెట్టుకోవచ్చు.

పని, సంపాదన కార్డుల దగ్గర ఇంకా జాగ్రత్త. ‘డబ్బు తెచ్చి అమ్మకిచ్చింది’ అనే మాట ఏ బొమ్మలో వచ్చిందో చూడండి. బాగున్న పిల్ల బొమ్మలో వస్తే దాన్ని కష్టం గుట్టలోకి మార్చే హక్కు మనకు లేదు. దాని పక్కనే ‘తలనొస్తది’ అనే కార్డు ఉంటే రెండింటినీ దారం కట్టినట్టు కలిపి ఉంచాలి. చట్టం సంగతి వేరే: 2016 సవరణ తర్వాత 14 ఏళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం, బడి వేళల తర్వాతో సెలవుల్లోనో సొంత ఇంటి పనిలో ప్రమాదం లేని సాయానికీ, షరతులతో సినిమా, టీవీ లాంటి వాటిలో బాల కళాకారులకూ మినహాయింపు. పిల్ల మాటను మొత్తంగా రాయడం వల్ల చట్టం బలహీనపడదు. పైగా ఆ పిల్ల సంపాదన ఆగితే ఇంట్లో ఏది ఆగుతుందో తెలుస్తుంది కాబట్టి, బడికి రప్పించే పనికి అది మొదటి సమాచారం. నోటు పుస్తకాల కోసం చేలోకి వెళుతున్న పిల్లకూ, అప్పు తీర్చడానికి వెళుతున్న పిల్లకూ ఒకే పరిష్కారం పనిచేయదు.

మాట ఇచ్చే ముందు

‘నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను’ అని పిల్లకు మాట ఇవ్వకూడదు. బొమ్మల మధ్య లైంగిక వేధింపు సంగతి బయటపడితే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకు తెలియజేయాలి. చెప్పకపోవడం శిక్షార్హం. అందుకని మొదట్లోనే ఇలా అనాలి: ‘నీ పేరు ఎవరికీ చెప్పం. కానీ నీకో, ఇంకో పిల్లకో ఎవరైనా హాని చేస్తున్నారని తెలిస్తే, నీకు సాయం చేయగలవాళ్లకు చెప్తాం. చెప్పే ముందు నీతో మాట్లాడతాం.’ వెళ్లక ముందే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్, జిల్లా బాలల సంరక్షణ అధికారి, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నంబర్లు రాసుకుని ఉండాలి. గుంపులో పిల్ల ఏడుపు మొదలుపెడితే రెండో మనిషి ఆమెను పక్కకు తీసుకెళ్లాలి, నడిపే మనిషి మిగతావాళ్లతో ఆటలోకి మళ్లాలి. ఇద్దరు తప్పనిసరి అన్నది ఇందుకు కూడా.

బొమ్మలు పిల్లలవి. ఒరిజినల్స్ వాళ్లకే ఇచ్చి, ఫోటోలు తీసుకోవడం సరైన పద్ధతి. ఫోటోలో పిల్ల పేరు, ఇంటి గుర్తులు, బడి బోర్డు రాకూడదు. నివేదికలో అచ్చు వేయాలంటే అందుకు మళ్లీ విడిగా అడగాలి.

తిరిగి ఊళ్లోకి

ఫలితాన్ని మొదట వినాల్సింది ఆ పిల్లలే. రెండు మూడు వారాల్లోగా అదే చాప మీద కూర్చుని, మనం రాసుకున్న గుట్టలు చూపించి ‘ఇది సరేనా, ఏం వదిలేశాం?’ అని అడగాలి. ఈసారి పిల్లలు మొదటిసారి కన్నా ధైర్యంగా దిద్దుతారు. ఏ కార్డులు పెద్దల ముందు పెట్టొచ్చో, ఏవి వద్దో కూడా వాళ్లే తేల్చాలి. తండ్రి తాగుడు కార్డులను కొందరు వెనక్కి తీసుకుంటారు. తీసుకోనివ్వాలి.

ఆ తర్వాత బడి యాజమాన్య కమిటీ. అక్కడ ‘పిల్లల సంతోషం’ అని మొదలుపెడితే అందరూ తల ఊపి లేచిపోతారు. ఊరు చేయగల పని ఉన్న కార్డులు మూడు ఎంచుకుని వెళ్లాలి. మరుగుదొడ్డికి లోపలి గడియ లేకపోవడం, పెద్ద పిల్లలు నీళ్ల దగ్గర తోసేయడం, వారాల తరబడి చేనుకు వెళ్లొచ్చిన పిల్లను టీచరు అందరి ముందు నిలబెట్టడం లాంటివి. గడియ వారంలో వస్తుంది. మూడోదానికి టీచర్లతో విడిగా కూర్చోవాలి: చేను నుంచి తిరిగొచ్చిన పిల్లలకు మొదటి పది రోజులూ ఏ పాఠాలు ముందు, ఎవరి పక్కన కూర్చోబెట్టాలి, హాజరు పట్టీలో ఏం రాయాలి అన్నది కాగితం మీద తేల్చుకోవాలి. పత్తి ఊళ్లలో ఇది పూత మొదలవకముందే, జులైలోనే జరగాలి. పూత అయ్యాక పెట్టిన సమావేశం మరుసటి ఏడాదికే పనికొస్తుంది.